వర్డ్ టెంప్లేట్లు, డాక్యుమెంట్ ఫోల్డర్లు ఎక్కడికి మారిస్తే బ్యాకప్ సులువు: నేను చూసిన ఐదు దారులు

మాది తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి దగ్గర్లో చిన్న డీటీపీ షాపు. రెండు సిస్టంలు, ఒక లేజర్ ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, అంతే. సేల్ డీడ్లు, గిఫ్ట్ డీడ్లు, 11 నెలల అద్దె అగ్రిమెంట్లు, అఫిడవిట్లు, పొద్దున్నుంచీ ఇదే టైపింగు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది, ఆఫీస్ 2016కీ 2019కీ కూడా అదే తేదీ, సో మా చుట్టుపక్కల షాపులన్నీ వరసపెట్టి సిస్టంలు మార్చుకుంటున్నాయి, నేనూ మార్పించా. మెకానిక్ కుర్రాడొచ్చి "బాబాయ్, నీ డాక్యుమెంట్సు, డెస్క్‌టాపు మొత్తం హార్డ్ డిస్క్‌లోకి ఎత్తేశా, ఇంక ఫార్మాట్ కొట్టెయ్యనా" అన్నాడు. కొట్టెయ్యరా అన్నది నేనే, కాబట్టి వాణ్ణి అనడానికేం లేదు.

సాయంత్రానికి సిస్టం వచ్చేసింది, ఫైళ్లన్నీ ఉన్నాయి, భలే అనుకున్నా. మర్నాడు పొద్దున్నే ఒకాయన స్టాంప్ పేపరు పట్టుకుని వచ్చాడు, నేను అలవాటు కొద్దీ హెచ్ డి అని రెండక్షరాలు కొట్టి ఎఫ్3 నొక్కా. మామూలుగా అయితే తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని హద్దుల షెడ్యూల్ మొత్తం టపీమని వచ్చి పడాలి. హెచ్ డి అలాగే కూర్చుంది. మొదటి పేజీకి స్టాంప్ బొమ్మ ఉన్నంత మేరా పైన ఖాళీ వదిలే స్టైలు లేదు, పేపర్ సైజు లీగల్ కాకుండా ఎ4 అయిపోయింది, నేను నేర్పించుకున్న ఇంటిపేర్లు, ఊరిపేర్లు అన్నిటి కిందా ఎర్ర గీతలు. ఫైళ్లు పోలేదు, పని చేసే చెయ్యి పోయింది. ఆ దెబ్బతో కూర్చుని నాలుగు రకాలుగా మార్చి చూశా, ఇంకోటి పక్క షాపులో చూశా, అందుకే ఇది రాస్తున్నా.

ముందు అసలు ఏది ఎక్కడుంటుందో చెప్తా, ఇది తెలియకుండా ఏ దారి ఎంచుకున్నా మళ్లీ నాలాగే అవుతుంది. మీరు టైపు చేసిన ఫైళ్లు డాక్యుమెంట్స్‌లో ఉంటాయి, అది అందరికీ తెలుసు. మీరు సేవ్ యాజ్‌కి వెళ్లి ఫైల్ టైప్ దగ్గర వర్డ్ టెంప్లేట్ (మళ్లీ మళ్లీ వాడుకునే నమూనా ఫైలు) అని ఎంచుకోగానే ఫోల్డర్ దానంతట అదే మారిపోతుంది, చాలామంది గమనించరు, వర్డ్ 2013 నుంచి అది డాక్యుమెంట్స్ లోపలే కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్ అనే ఫోల్డర్‌లోకి పోతుంది. ఇంతవరకూ ఫర్వాలేదు, డాక్యుమెంట్స్ కాపీ కొడితే వచ్చేస్తాయి. అసలు సరుకు వేరే చోటుంది. నార్మల్.డాట్‌ఎమ్ అనే ఒక ఫైలు, మీరు పెట్టుకున్న మార్జిన్లు, స్టైల్సు, మాక్రోలు (వరస పనుల్ని ఒకేసారి చేయించే చిన్న ప్రోగ్రాములు), కీబోర్డ్ షార్ట్‌కట్లు, ఆటోటెక్స్ట్ (నేను హెచ్ డి కొట్టి ఎఫ్3తో తెప్పించుకునేలాంటివి) అన్నీ దాని కడుపులో ఉంటాయి, అదుండేది సి డ్రైవ్‌లో యూజర్స్, మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, టెంప్లేట్స్ అనే దారిలో. ఈ యాప్‌డేటా అన్నది దాచిపెట్టిన ఫోల్డరు, మామూలుగా కంటికే కనపడదు, ఇంక మెకానిక్‌కి ఎలా కనపడుతుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి అటో పర్సెంట్ గుర్తు ఇటో పర్సెంట్ గుర్తు పెట్టి మధ్యలో యాప్‌డేటా అని కొడితే నేరుగా రోమింగ్‌లోకి తీసుకెళ్తుంది.

అదే రోమింగ్‌లో మైక్రోసాఫ్ట్ కింద ఇంకొన్ని ఉన్నాయి. యూప్రూఫ్ అనే ఫోల్డర్లో కస్టమ్ డిక్షనరీ, అంటే మీరు యాడ్ టు డిక్షనరీ అని కొట్టిన మాటలన్నీ. ఆఫీస్ అనే ఫోల్డర్లో ఎసిఎల్ ఫైళ్లు, అవి ఆటోకరెక్ట్ లిస్టు. డాక్యుమెంట్ బిల్డింగ్ బ్లాక్స్ అని ఇంకోటి, క్విక్ పార్ట్స్‌లో (తరచూ వాడే ముక్కలు దాచుకునే చోటు) మీరు దాచుకున్నవి కొన్ని నార్మల్‌లోకి పోతాయి, కొన్ని దీంట్లోకి పోతాయి, సేవ్ చేసేటప్పుడు సేవ్ ఇన్ అని అడిగింది చూసుకోకపోతే ఏది దేంట్లో ఉందో మనకే తెలీదు. అర్థమైంది కదా, ఒక షాపు సామాను ఐదిళ్లలో పెట్టినట్టు ఉంటుంది వర్డ్ వ్యవహారం.

మొదటి దారి, దేన్నీ కదపకుండా ఉన్నచోటునుంచే కాపీ తీసుకోవడం. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్ల బ్యాచ్ ఫైలు (కమాండ్లు వరసగా రాసి పెట్టుకునే ఫైలు) రాసుకుని, రోబోకాపీ అనే కమాండ్‌తో (విండోస్‌లోనే ఉంటుంది, డౌన్‌లోడ్ అక్కర్లేదు) ఆ ఫోల్డర్లన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి పోయేలా పెట్టుకుంటే, శనివారం సాయంత్రం దాని మీద డబుల్ క్లిక్ కొడితే చాలు. వర్డ్ సెట్టింగులు ముట్టుకోం కాబట్టి ఏదీ పాడవ్వదు, అది దీని గొప్పతనం. కాకపోతే స్లాష్ ఎమ్‌ఐఆర్ అనే ఆప్షన్ ఒకటుంది, నెట్‌లో చాలాచోట్ల అదే వాడమని రాస్తారు, అది అద్దంలా పనిచేస్తుంది, అంటే ఇక్కడ లేని ఫైలు అక్కడుంటే అక్కడ కూడా పీకేస్తుంది. పొరపాటున ఇక్కడ ఫోల్డర్ ఖాళీ అయిన రోజు దాన్ని నడిపారా, బ్యాకప్ కూడా ఖాళీయే. స్లాష్ ఇ చాలు మన పనికి, సబ్‌ఫోల్డర్లతో సహా కాపీ చేస్తుంది, దేన్నీ తీసెయ్యదు. ఈ దారిలో నాకు నచ్చనిది ఏంటంటే అంతా మన గుర్తు మీద ఆధారపడింది, రిజిస్ట్రేషన్లు ఎక్కువున్న ముహూర్తాల నెలలో నేను మూడు శనివారాలు వరసగా మర్చిపోయా. టైముకి దానంతట అదే నడిచేలా విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టొచ్చు కానీ అప్పుడు హార్డ్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంచాలి.

రెండోది డాక్యుమెంట్స్ ఫోల్డర్నే డి డ్రైవ్‌కి మార్చడం. ఇది సులువు, డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్, డి లో ఒక ఫోల్డర్ చూపిస్తే పాత ఫైళ్లు కూడా అదే తరలిస్తుంది. ఒక్కటే జాగ్రత్త, ముందు డి లో ఒక కొత్త ఫోల్డర్ చేసి దాన్ని చూపించాలి, ఉత్తి డి డ్రైవ్‌నే చూపించి ఓకే కొట్టేస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయి కూర్చుంటుంది, దాన్ని వెనక్కి తిప్పడం పెద్ద తలనొప్పి. కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్ డాక్యుమెంట్స్ లోపలే కాబట్టి అది కూడా వెంట వస్తుంది. వర్డ్‌లో ప్రత్యేకంగా ఏమీ సెట్ చేసుకోకుండా మామూలుగా లెటర్లు, బిల్లులు టైపు చేసుకునేవాళ్లకి, పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు చేసేవాళ్లకి ఇది చాలు, ఇంకేం అక్కర్లేదు. మాలాంటివాళ్లకి మాత్రం సగమే, ఎందుకంటే నార్మల్.డాట్‌ఎమ్ సి లోనే ఉండిపోయింది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. మనవాళ్లలో డి డ్రైవ్‌లో పెడితే సేఫ్ అనే నమ్మకం గట్టిగా ఉంది. సి, డి రెండూ చాలా సిస్టంలలో ఒకే డిస్క్‌ని కోసిన రెండు ముక్కలు. సి ని ఫార్మాట్ కొడితే డి ఉంటుంది, నిజమే, డిస్కే చచ్చిపోతే రెండూ పోతాయి, సిస్టంని ఎవరన్నా ఎత్తుకుపోయినా రెండూ పోతాయి. డి కి మార్చడం బ్యాకప్ కాదండీ, బ్యాకప్ తీసుకోవడం తేలిక చేసుకోవడం అంతే. చెల్లాచెదురుగా ఉన్నదాన్ని ఒక మూటలో కట్టుకుంటున్నాం, ఆ మూట ఇంకో చోట కూడా ఉండాలి.

మూడోది వన్‌డ్రైవ్. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టంలలో మనల్ని సరిగ్గా అడక్కుండానే డెస్క్‌టాపు, డాక్యుమెంట్సు, పిక్చర్సు వన్‌డ్రైవ్ లోపలికి వెళ్లిపోయి ఉంటాయి, ఒకసారి డాక్యుమెంట్స్ ప్రాపర్టీస్‌లో దారి చూసుకోండి, మధ్యలో వన్‌డ్రైవ్ అనే పేరు కనిపిస్తే అక్కడికి వెళ్లిపోయినట్టే. ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, వర్డ్ ఫైళ్లకి బోలెడు, స్కాన్ చేసిన ఆధార్లు, పాస్‌బుక్కులు కూడా దాంట్లోనే పెడితే మాత్రం చూస్తూండగా నిండిపోతుంది. గూగుల్ డ్రైవ్ 15 జీబీ ఇస్తుంది కానీ అది జీమెయిల్‌కీ ఫోటోలకీ కలిపి. ఈ రెండిటికీ ఒక పెద్ద తేడా ఉంది, వన్‌డ్రైవ్ అయితే ఫైళ్లు దాని ఫోల్డర్లోకి రావాలి, గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ అయితే మీ సిస్టంలో ఏ ఫోల్డర్ చూపించినా ఉన్నచోటే ఉంచి పైకి ఎక్కిస్తుంది. నాకు ఈ రెండోదే నచ్చింది.

వన్‌డ్రైవ్‌తో నాకు జరిగింది చెప్తా. మా లైన్‌లో అందరికీ ఒక పాడు అలవాటు, పాత సేల్ డీడ్ తెరిచి, అమ్మేవాళ్ల పేరు, కొనేవాళ్ల పేరు, సర్వే నంబరు మార్చేసి, చివర్లో సేవ్ యాజ్ కొట్టడం. మైక్రోసాఫ్ట్ 365 వర్డ్‌లో వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైలు తెరిస్తే ఆటోసేవ్ ఆన్‌లో ఉంటుంది, మీరు సేవ్ కొట్టేదాకా ఆగదు, పేరు మార్చిన వెంటనే పాత డీడ్‌లోనే మారిపోతుంది. రెండు నెలల తర్వాత పాత పార్టీ వచ్చి కాపీ అడిగితే తీసి చూస్తే అందులో వేరేవాళ్ల పేర్లు. వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి పాతది తెచ్చుకోగలిగా కానీ చెమటలు పట్టాయి. అందుకే చెప్తున్నా, క్లౌడ్‌లోకి మారేవాళ్లు పాత ఫైలు మీద కొత్తది టైపు చేసే అలవాటు మానేసి టెంప్లేట్ చేసుకోండి, టెంప్లేట్‌ని డబుల్ క్లిక్ చేస్తే కొత్త డాక్యుమెంటే తెరుచుకుంటుంది, అసలుది అలాగే ఉంటుంది. ఇంకోటి, ఫైలు పక్కన మబ్బు గుర్తుంటే అది మీ సిస్టంలో లేనట్టే, నెట్ పోయిన రోజు తెరుచుకోదు, రైట్ క్లిక్ చేసి ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్ పెట్టుకోవాలి. యాప్‌డేటాని వన్‌డ్రైవ్ అసలు ముట్టుకోదు, కాబట్టి నార్మల్.డాట్‌ఎమ్ గొడవ ఇక్కడా తీరలేదు.

నాలుగోది, నేను చివరికి స్థిరపడింది. వర్డ్‌కే చెప్పడం, నీ సామాను ఇకనుంచి ఇక్కడ పెట్టుకో అని. డి లో షాపు అని ఒక ఫోల్డర్ చేశా, దాంట్లో డాక్యుమెంట్లు, టెంప్లేట్లు, నార్మల్, స్టార్టప్ అని నాలుగు. తర్వాత వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, కిందకి బాగా దిగితే జనరల్ అనే చోట ఫైల్ లొకేషన్స్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే డాక్యుమెంట్స్, యూజర్ టెంప్లేట్స్, వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్, ఆటోరికవర్, స్టార్టప్ అని లిస్టు వస్తుంది, ఒక్కోదాని మీద మోడిఫై కొట్టి కొత్త ఫోల్డర్ చూపించడమే.

యూజర్ టెంప్లేట్స్ అంటే మన టెంప్లేట్లు అనుకుంటాం, వర్డ్ 2013 దగ్గర్నుంచీ ఇది ముఖ్యంగా నార్మల్.డాట్‌ఎమ్ ఉండే ఇల్లు. మనం చేసుకున్న టెంప్లేట్లకి దారి వేరే, ఆప్షన్స్‌లోనే సేవ్ అనే పేజీలో డిఫాల్ట్ పర్సనల్ టెంప్లేట్స్ లొకేషన్ అని ఒక ఖాళీ గడి ఉంటుంది, దాంట్లో కొత్త దారి రాయాలి, అప్పుడే ఫైల్, న్యూ లో పర్సనల్ కింద మన అద్దె అగ్రిమెంట్ కనిపిస్తుంది. ఎక్సెల్‌కీ పవర్‌పాయింట్‌కీ ఇది మళ్లీ విడివిడిగా పెట్టుకోవాలి, ఒకచోట మారిస్తే అన్నిట్లో మారదు.

అన్నిటికన్నా ముఖ్యం, యూజర్ టెంప్లేట్స్ దారి మార్చేముందు వర్డ్ మూసేసి నార్మల్.డాట్‌ఎమ్‌ని కొత్త ఫోల్డర్లోకి కాపీ చెయ్యండి. మర్చిపోయి ముందు దారి మార్చేశారనుకోండి, వర్డ్ ఆ కొత్త ఫోల్డర్లో చూస్తుంది, నార్మల్ కనపడదు, కనపడకపోతే అదేమీ ఎర్రర్ ఇవ్వదు, కొత్తగా ఒక ఉత్తి నార్మల్‌ని తయారుచేసుకుని హాయిగా తెరుచుకుంటుంది, మీకేమో అన్నీ పోయాయనిపిస్తుంది. పోలేదు, పాతచోట అలాగే ఉంది, వర్డ్ మూసి పాతదాన్ని తెచ్చి కొత్తదాని మీద వేస్తే సరి. అవుట్‌లుక్ కూడా మూసెయ్యాలి, మెయిల్ రాయడానికి అది కూడా వర్డ్‌నే వాడుకుంటుంది. ఫోల్డర్లో అలలా వంకరగా ఉండే గుర్తు (టిల్డే), డాలర్ గుర్తుతో మొదలయ్యే చిన్న నార్మల్ ఫైలు ఇంకోటి కనిపిస్తోందంటే వర్డ్ ఇంకా ఎక్కడో తెరిచే ఉందని, ఆగండి.

మాక్రోలు వాడేవాళ్లు ఇంకో పని చెయ్యాలి, ఆప్షన్స్‌లో ట్రస్ట్ సెంటర్, ట్రస్టెడ్ లొకేషన్స్‌లో ఈ కొత్త ఫోల్డర్లు కలపాలి. పాత ఫోల్డర్లని వర్డ్ మొదట్నుంచీ నమ్ముతుంది, కొత్తదాన్ని మనం చెప్తేనే నమ్ముతుంది.

బిల్డింగ్ బ్లాక్స్‌కి మాత్రం ఆ లిస్టులో దారి లేదు. దీనికి నేను చేసింది, హద్దుల షెడ్యూలు, సాక్షుల సంతకాల గళ్లు, ఇరుపార్టీల ఫోటోల పట్టిక లాంటివన్నీ విడిగా ఒక టెంప్లేట్‌లో దాచి దాన్ని స్టార్టప్ ఫోల్డర్లో పడేశా. స్టార్టప్‌లో ఏ టెంప్లేట్ ఉన్నా వర్డ్ తెరిచినప్పుడల్లా దాన్ని కూడా లోపలికి తెచ్చుకుంటుంది, ఏ డాక్యుమెంట్‌లో ఉన్నా ఎఫ్3 పనిచేస్తుంది. ఆ ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి రెండో సిస్టంకి ఇస్తే అక్కడా అంతే. డిక్షనరీ, ఎసిఎల్ ఫైళ్లు మాత్రం రోబోకాపీతోనే తీసుకుంటున్నా, వాటికోసం తంటాలు అనవసరం.

ఇంక ఐదోది పక్క షాపులో మెకానిక్ కుర్రాడు చూపించిన దారి, ఎమ్‌కేలింక్ అనే కమాండ్‌తో జంక్షన్ పెట్టడం. అంటే ఫోల్డర్ని డి లోకి తీసుకెళ్లి పాతచోట ఒక బోర్డు పాతడం, వర్డ్ పాత ఇంటికే వచ్చాననుకుంటుంది, నిజానికి డి లోకి వెళ్తుంది. చూడ్డానికి బాగుంటుంది, బిల్డింగ్ బ్లాక్స్ లాంటి మొండివాటికి కూడా పనిచేస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత అక్కడ జంక్షన్ ఉందన్న సంగతి మనకే గుర్తుండదు, కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు జంక్షన్లని దాటేసిపోతాయి, పైకి బ్యాకప్ అయినట్టే చూపిస్తుంది లోపల ఏమీ ఉండదు. కంప్యూటర్ల మీద బాగా పట్టున్నవాళ్లు చేసుకోండి, షాపులో నాకొద్దు.

నార్మల్.డాట్‌ఎమ్‌ని నేరుగా వన్‌డ్రైవ్ ఫోల్డర్లో పెట్టి రెండు సిస్టంలూ దాన్నే వాడుకుంటే పోలా అని మా పక్క షాపాయన అడిగాడు. పెట్టాడు కూడా. వర్డ్ మూసేటప్పుడు నార్మల్‌ని మళ్లీ రాస్తుంది, రెండు సిస్టంలలో రెండు వర్డ్‌లు తెరిచి ఉంటే రెండూ రాస్తాయి, ఇంక వన్‌డ్రైవ్ ఏది ఉంచాలో తెలీక సిస్టం పేరు తగిలించి ఇంకో కాపీ చేసి పెడుతుంది, వారానికి ఆయన దగ్గర నాలుగు నార్మల్‌లు తయారయ్యాయి. రెండుమూడు సిస్టంలున్నవాళ్లకి దానికోసమే వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్ ఉంది, అందరికీ కావలసిన టెంప్లేట్లు ఒక షేర్డ్ ఫోల్డర్లో పెట్టి అన్ని సిస్టంలలో ఆ దారి ఇవ్వాలి, ఎవరి నార్మల్ వాళ్ల దగ్గరే ఉంటుంది. షేర్డ్ ఫోల్డర్ ఉన్న సిస్టం ఆఫ్‌లో ఉంటే ఆ టెంప్లేట్‌తో చేసిన పాత డాక్యుమెంట్లు తెరుచుకోవడానికి బాగా టైం తీసుకుంటాయి, పాడైపోయిందనుకుని కంగారు పడకండి, దొరకని టెంప్లేట్ కోసం వెతుకుతోంది అంతే.

లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకి ఇంత రామాయణం లేదు. టూల్స్, ఆప్షన్స్, లిబ్రేఆఫీస్, పాత్స్ అనే ఒకే పేజీలో డాక్యుమెంట్లు, టెంప్లేట్లు, ఆటోటెక్స్ట్, ఆటోకరెక్ట్, బ్యాకప్పులు అన్నిటి దారులూ ఉంటాయి. అదీ వద్దనుకుంటే రోమింగ్‌లో లిబ్రేఆఫీస్, 4, యూజర్ అనే ఫోల్డర్ మొత్తం ఎత్తుకుంటే చాలు, వెర్షన్ నంబర్లు 24, 25 అంటూ పెరిగినా ఆ ఫోల్డర్ పేరు మాత్రం ఇప్పటికీ 4. ఈ విషయంలో వర్డ్ కన్నా అదే నయం.

ఏ దారి పట్టినా ఫాంట్లు మర్చిపోకండి, టెంప్లేట్ వచ్చి ఫాంట్ రాకపోతే అది మూగది. గౌతమి, నిర్మలా యూఐ లాంటి యూనికోడ్ ఫాంట్లతో చేసినవి కొత్త విండోస్‌లో కూడా తెలుగులోనే కనిపిస్తాయి, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో చేసినవి ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే అంతా పిచ్చి గుర్తులే. మనం వేసుకున్న ఫాంట్లు అన్నీ విండోస్, ఫాంట్స్ ఫోల్డర్లో ఉండవు, విండోస్ 10 మధ్యలోంచి ఒక్క యూజర్‌కే ఇన్‌స్టాల్ అయ్యేవి యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్‌లోకి పోతున్నాయి. నేను వాడే ఫాంట్ల ఫైళ్లన్నీ షాపు ఫోల్డర్లోనే ఐదో ఫోల్డర్ చేసి పెట్టేశా.

ఇప్పుడు నా పద్ధతి, డి లో షాపు అనే ఒక్క ఫోల్డరు, దాంట్లోని ఫోల్డర్లు విడివిడిగా గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కుతాయి (నార్మల్ ఉన్న ఫోల్డర్ తప్ప, దాన్ని రోబోకాపీ తీసుకుంటుంది), శనివారం మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కూడా పోతుంది, ఆ డిస్క్ షాపులో ఉండదు, ఇంటికి పట్టుకెళ్తా, జనాల ఆధార్ నంబర్లు, పాన్ నంబర్లు ఉన్నవి కదా, అందుకే పెన్‌డ్రైవ్‌లలో వెయ్యడం మానేశా, గూగుల్ అకౌంట్‌కి పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా ఒప్పుకోవాల్సిన రెండో అడుగు (టూ స్టెప్ వెరిఫికేషన్) కూడా పెట్టుకున్నా.

ఇంకో సంగతి, ఫైల్ లొకేషన్స్‌లో మనం ఇచ్చిన దారులు విండోస్ రిజిస్ట్రీలో ఉంటాయి, సి ఫార్మాట్ అయితే అవీ పోతాయి, ఫైళ్లు డి లో భద్రంగా ఉన్నా కొత్త వర్డ్‌కి అవెక్కడున్నాయో తెలీదు. అందుకే ఆ దారులు, ట్రస్టెడ్ లొకేషన్స్‌తో సహా, ఒక తెల్లకాగితం మీద రాసి సీపీయూ పక్కన సెల్లో టేప్ వేసి అతికించా. మొన్న రెండో సిస్టం ఫార్మాట్ చేయించినప్పుడు కుర్రాడు ఆ కాగితం చూసి తనే సెట్ చేసి, "బాబాయ్, ఒకసారి ఆ ఎఫ్3 నొక్కి చూసుకో" అని పిలిచాడు.